గాషా మాళిగలో పదిహేను మొక్కలు

అగాఫ్యా స్ట్రెలియెఫ్ గురించి రాస్తానని చెప్పినప్పుడు ఆమె వంటింట్లో బంగాళాదుంపలకు చెక్కు తీస్తోంది. కత్తి ఆపలేదు, తల ఎత్తలేదు.

"నా గురించి రాయడానికేముంది లారియన్? రాస్తే మాత్రం ఆ చలికాలం సంగతి మొత్తం రాయి. నువ్వు చేసింది కూడా."

సరే అన్నాను. అన్న మాట తప్పే అలవాటు నాకు లేదు.

నేను చదివింది మా పల్లె బడిలో నాలుగో తరగతి వరకే. అయినా మా స్లోకాన్ లోయలో నా చెయ్యి పడని పని తక్కువ. ముప్పై ఒక్క ఏళ్ళు మిల్లులో రంపాల పళ్ళు పదును పెట్టాను. నేను పదును పెట్టిన రంపం దేవదారు దుంగలో చప్పుడు లేకుండా దిగుతుందని మా మేస్త్రీ పక్క మిల్లు వాళ్ళను పిలిచి మరీ చూపించేవాడు. కొండ మీది ఊట నుంచి పద్నాలుగు ఇళ్ళకు నీటి గొట్టం దింపించింది నేను. ప్రార్థన మందిరంలో కీర్తనలు పాడేటప్పుడు అందరికంటే కింది గొంతు నాది, నలభై ఏళ్ళుగా. ఇంకా చెప్పగలను గానీ ఇది గాషా కథ. అగాఫ్యా అని కాగితాల మీద తప్ప ఆమెను ఎవరూ పిలవరు, గాషాయే.

గాషా మా ఊరిదే, నాకంటే మూడేళ్ళు చిన్నది. ఎనిమిది కుటుంబాలు ఒకే కప్పు కింద బతికిన ఉమ్మడి ఇంట్లో పుట్టింది. పదమూడో ఏట ఆపిల్ పెట్టెలు సర్దే షెడ్డుకు పనికి వెళ్ళింది. ముప్పై ఎనిమిదో ఏట భర్త పోయాడు. ఆ తరువాత ఆమె చేసిందల్లా నారు పెంచడమే. ప్రతి వసంతంలోనూ మా లోయలో సగం పెరళ్ళకు క్యాబేజీ, టమాటా, మిరప నారు ఆమె కిటికీ గూళ్ళ నుంచే వెళ్ళేది. ఎవరి మొక్క జబ్బు చేసినా ఆమె దగ్గరికే పరుగు. కానీ జబ్బు ఆకును తెంపి చేతిలో పట్టుకువెళితే మాత్రం గుమ్మంలోనే చివాట్లు పడేవి.

"తెంపిన ఆకు ఏం చెబుతుంది నాకు? మొక్కనన్నా పట్టుకురా, నన్నన్నా తీసుకుపో."

వెళ్ళి చూసేది. కింది ఆకులు, నడిమి ఆకులు, కొస ఆకులు, ఆ వరసలోనే. మూడు సార్లు చూడందే నోరు విప్పేది కాదు. విప్పితే సగం సార్లు ఒకటే మాట: "స్నానాల కొట్టు బూడిద చల్లు." మా నేల దేవదారు ఆకులు రాలి రాలి పులిసిన నేల. ప్రతి ఇంటికీ ఆవిరి స్నానాల కొట్టు ఉంది. శనివారం పొయ్యి మండితే ఆదివారానికి బకెట్టు నిండా బూడిద. అది పెరట్లో చల్లడం మాకు కూరలో ఉప్పు వేయడంలాంటిది. ఎవరూ ఆలోచించరు, ఎవరికీ చెప్పరు.

ఇప్పుడు గంజాయి సంగతికి వస్తాను.

మేం దుఖోబోర్లం, తాతల కాలంలో మతం కోసం ఓడెక్కి ఈ దేశం వచ్చినవాళ్ళం. మాంసం ముట్టం, తుపాకి పట్టం, పొగ తాగం. అలాంటి ఇంట్లో పుట్టిన నా కూతురు ఉస్తీన్యాకు, మా ఉస్త్యాకు, ముప్పై నాలుగో ఏట నరాల జబ్బు వచ్చింది. బడిలో పిల్లలకు పాఠం చెబుతూ చెబుతూ నిలబడ్డ చోటే కాళ్ళు కొయ్యల్లా బిగుసుకుపోయి పడిపోయింది. మాత్రలు ఇచ్చారు. వాటితో కాళ్ళు సగమే వదిలాయి, మనిషి మాత్రం పూర్తిగా మత్తులో పడింది. ఒక శరత్తులో పద్దెనిమిది రోజులు మంచం దిగలేదు. చెంచా నేను పట్టుకుంటే తినేది. అప్పుడు డాక్టరు ఇంకో దారి చెప్పాడు. ప్రభుత్వం వారి కాగితం వచ్చింది: రోగి కోసం పదిహేను మొక్కలు, ఇంటి లోపల, పేరు రాసిన ఒక మనిషి పెంచవచ్చు. ఆ పేరు గడి ఖాళీగా ఉన్న కాగితాన్ని నేను వారం రోజులు బల్ల సొరుగులో దాచాను.

గాషా వచ్చి కూర్చుంది.

"నా పేరు రాయించు. నా నేలమాళిగలో క్యారెట్లు పెట్టుకునే చోటు ఖాళీగానే ఉంది."

"ఊళ్ళో ఏమంటారు గాషా? అది పొగ మొక్క."

"ఊళ్ళో వాళ్ళ తాతలు ఆ మొక్క నారతో నేసిన లాగులు తొడుక్కునే ఓడ దిగారు. మా అమ్మ దాని గింజల నూనెతోనే ఉపవాసాల్లో వంట చేసింది. లాగూకి లేని పాపం పిల్ల కాళ్ళకి వచ్చిందా?"

అలా మొదలైంది. తొలి పంట బాగా వచ్చింది. ఎండిన పూగుత్తులను గాజు సీసాలో పోసి ఇచ్చింది గాషా. మా ఇంట్లో పొగ పనికిరాదు కాబట్టి ఉస్త్యా సాయంత్రం పూట స్నానాల కొట్టు ముందు గదిలో కూర్చుని రెండు దమ్ములు పీల్చి వచ్చేది. ఆ పూటకు కాళ్ళు మాట వినేవి. తన గిన్నె తనే కడుక్కునేది. నెల తిరక్కుండానే చేతికర్రతో మందిరం దాకా నడిచింది. ఆమె వస్తుంటే ఆడవాళ్ళ వరసలో గుసగుసలు లేచాయి. గాషా వెనక్కి తిరిగి ఒక చూపు చూసింది. గుసగుసలు ఆగాయి.

రెండో పంట పూతకు వచ్చిన పదిహేను రోజులకు, జనవరి మధ్యలో, గాషా మాళిగ మెట్ల ముందు మంచు మీద జారి పడింది. కుడి మణికట్టు విరిగింది, తుంటి ఎముక బీటలు వారింది. ఆసుపత్రి మంచం మీద పడుకుని కూడా ఆమె అడిగింది మొక్కల గురించే.

"మూడు రోజులకోసారి కుండీకి ఒక డబ్బా నీళ్ళు. మొక్కల సీసా మందు, మూత మీది నీలం గీత దాకా. ఇంకేం వద్దు. అర్థమైందా?"

"గాషా, పద్నాలుగు ఇళ్ళకి నీళ్ళిచ్చినవాణ్ణి నేను."

"అవి ఇళ్ళు. ఇవి మొక్కలు."

పది రోజులు నేను చూసుకున్నాను. నీళ్ళు చెప్పినట్టే పోశాను, మందు గీత దాటనివ్వలేదు. పదో రోజు ఆమెను ఇంటికి తెచ్చాం. కోటు కూడా విప్పకుండా నేరుగా మాళిగకే దారి తీసింది. కట్టు కట్టిన చెయ్యి మెడలో వేలాడుతోంది. రెండో చెయ్యి నేను పట్టుకున్నాను. ఏడు మెట్లు దిగాం. మొక్కల మీద వేలాడే దీపాల వెలుగులో పదిహేను కుండీలనూ వరసగా మూడు సార్లు చూసింది.

"ఇవి నేను వదిలి వెళ్ళిన మొక్కలు కావు."

నాకు అప్పటిదాకా తేడా తెలియలేదు. దీపాలే పసుపు, ఆకులు పసుపుగా కనిపిస్తే వింతేముంది అనుకున్నాను. ఆమె దీపం ఆర్పించి, కిటికీ పలక తీయించి, పగటి వెలుతురులో చూపించింది. కింది ఆకులు ముదురు పచ్చగానే ఉన్నాయి. నడిమివి పరవాలేదు. కొసన కొత్తగా వచ్చిన ఆకులు మాత్రం వెన్న రంగుకు తిరిగాయి. ఈనెలు ఒక్కటే పచ్చగా, వల పరిచినట్టు కనిపిస్తున్నాయి. పదిహేనింటిలో పదిహేనూ అలాగే ఉన్నాయి.

ఆమె భూతద్దం తెప్పించుకుంది. ఆకుల అడుగున ఎర్రనల్లి లేదు, బూజు లేదు. ఒక కుండీని పక్కకు వంచి మట్టిగడ్డ బయటికి లాగమంది. వేళ్ళు తెల్లగా ఉన్నాయి, కుళ్ళు వాసన లేదు.

"నీళ్ళు ఎక్కువైన జబ్బు కాదు. ఏం పోశావు లారియన్?"

"నీళ్ళు. నీలం గీత దాకా మందు."

"ఇంకేం?"

"ఇంకేం లేదు."

ఇంకోసారి అడిగింది. ఇంకోసారి అదే చెప్పాను. అబద్ధం ఆడుతున్నానని నాకు తెలియదు.

అప్పటికి మా వంటింటి అలమరలో తొలి పంట పూగుత్తుల సీసా సగానికి దిగింది. ఉస్త్యా వేలితో దాని మీద గీతలు చూపించింది: ఈ వారానికి ఇంత, వచ్చే వారానికి ఇంత, మార్చి చివరికి అడుగు. కోత మార్చి మధ్యలో పడాలి. ఈ పంట చచ్చిపోతే మళ్ళీ గింజ పెట్టి కోసేసరికి ఎండాకాలం. ఆ మధ్య రోజులన్నీ మళ్ళీ మాత్రలే, మళ్ళీ మంచమే, మళ్ళీ నా చేతిలో చెంచా. ఈ లెక్క ముగ్గురికీ తెలుసు. పైకి ఎవరూ అనలేదు.

మరునాడు టౌనులో సాగు సామాన్ల దుకాణానికి వెళ్ళాం. మొక్కను మాళిగ దాటించకూడదని కాగితంలో ఉంది. అందుకని గాషా ఒక ఆకు తెంపి జేబురుమాలులో చుట్టుకుంది. ఆమె ఆకు తెంపడం నేను అదే మొదటిసారి చూడటం. దుకాణం కుర్రాడు డెరిక్ జుట్టు ముడివేసుకుని ఉన్నాడు. ఆకును వెలుతురుకు ఎత్తి చూశాడు.

"మెగ్నీషియం తక్కువైందమ్మా. నూటికి తొంభై మందికి అదే."

"మెగ్నీషియం తగ్గితే కిందాకు పండుతుంది నాయనా. ముసలాకులోది లాగి మొక్క పిల్లాకుకి పెడుతుంది. ఇది పిల్లాకు."

డెరిక్ ఆకును మళ్ళీ చూశాడు. "అయితే ఇనుము. ఇదిగో, ఇనుము సీసా."

"ఇంకా మాట్లాడితే ఇంకో సీసా తీస్తాడు, పద," అంది నాతో మా భాషలో. అయినా ఆ ఇనుము సీసా తీసుకుంది.

ఇంటికి వచ్చాక మూడో కుండీలోని మొక్క మొదట్లో ఎర్ర ఊలు దారం కట్టమంది. ఇనుము నీళ్ళు ఆ ఒక్కదానికే పోయమంది. నాకు ఒళ్ళు మండింది.

"పదిహేనూ చస్తుంటే ఒక్కదానికి మందా? అన్నిటికీ పోద్దాం."

"పోసి? రేపు ఇంకా చెడితే దేనివల్ల చెడిందో ఎలా తెలుస్తుంది? ఒక కుండీ, ఒక మందు, నాలుగు రోజులు."

"నాలుగు రోజులు! అవతల సీసా..."

"సీసా నాకూ కనిపిస్తోంది లారియన్. గట్టిగా అరిస్తే ఆకులు పచ్చబడతాయా?"

ఆ నాలుగు రోజులు నేను నిలకడగా కూర్చోలేదు. మంచు తవ్వాను, తవ్విన చోటే మళ్ళీ తవ్వాను. ఉస్త్యా సాయంత్రం దమ్ములు రెండు నుంచి ఒకటికి తగ్గించింది. నాకు చెప్పకుండానే తగ్గించింది. మూడో రోజు పొద్దున కాఫీ గిన్నె ఆమె చేతిలోంచి జారింది. ఎడమ కాలు మోకాలి దగ్గర బిగుసుకుపోయింది. నేల మీద కూర్చుని రెండు చేతులతో కాలు పట్టుకుని పళ్ళు బిగించింది. నేను దగ్గరికి వెళితే చెయ్యి అడ్డం పెట్టింది.

"ముట్టుకోకు నాన్నా. అదే వదులుతుంది."

వదలడానికి చాలాసేపు పట్టింది.

నాలుగో రోజు దారం కట్టిన మొక్కలో మార్పేమీ లేదు. మిగతా వాటి కొసాకుల మీద తుప్పు రంగు చుక్కలు లేచాయి, అంచులు పైకి ముడుచుకున్నాయి. గాషా బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది.

"ఇనుము లేక కాదు. ఇనుము మట్టిలో ఉంది. మొక్క తీసుకోలేకపోతోంది. గిన్నెలో కూడు ఉంది, నోరు కట్టేసి ఉంది."

"కట్టింది ఎవరు?"

"అదే చూడాలి. ఊదా క్యాబేజీ ఒకటి తీసుకురా."

ఉస్త్యా తనూ వస్తానంది. వద్దన్నా వినలేదు. శాలువా కప్పుకుని మాళిగ పై మెట్టు మీద కూర్చుంది. గాషా క్యాబేజీని ముక్కలు చేయించి ఉడికించింది. ఆ ఊదా నీళ్ళను రెండు తెల్ల కప్పుల్లో పోయించింది.

"ముందు నీ గొట్టం నీళ్ళు పొయ్యి."

"నా గొట్టం నీళ్ళా? ఇరవై రెండేళ్ళుగా ఊరంతా తాగుతున్న నీళ్ళు!"

"తాగేది మనుషులు. పొయ్యి."

పోశాను. కప్పులో ఊదా రంగు కొంచెం పలచబడింది, అంతే. మారలేదు.

"చూశావా?" అన్నాను రొమ్ము విరుచుకుని. "ఆ గొట్టం నేను వేయించింది."

"చూశాను. ఇప్పుడు కుండీ అడుగు పళ్ళెంలో దిగిన నీళ్ళు పొయ్యి."

పోశాను. మా కళ్ళ ముందే ఊదా నీలమైంది. నీలం కాస్తా పచ్చగా తిరిగింది.

గాషా కప్పును వెలుతురుకు ఎత్తింది. "ఈ రంగు నాకు తెలుసు. మా అమ్మ బూడిద నీళ్ళతో సబ్బు కాచేది. ఒకసారి ఆ నీళ్ళు ఊదా క్యాబేజీ మీద ఒలికించాను. ఇలాగే పచ్చబడింది. ఆ రోజు నేను తిన్న దెబ్బలకి క్యాబేజీ కూడా జాలిపడి ఉంటుంది."

ఉస్త్యా నవ్వింది. నాకు స్నానాల కొట్టు బకెట్టు గుర్తొచ్చింది.

ఆసుపత్రిలో గాషా ఉన్న రెండో రోజు కింది ఆకు ఒకటి రెండు పాలిపోయి కనిపించాయి నాకు. స్నానాల కొట్టు పొయ్యి లోంచి బూడిద బకెట్టు మోసుకువచ్చి, కుండీకో గుప్పెడు చల్లి, వేళ్ళతో మట్టిలో కలిపి, నీళ్ళు పోశాను. ఎనిమిదో రోజున ఇంకో గుప్పెడు వేశాను. నల్లటి మట్టిలో కలిసిపోయింది. ఏం పోశావని ఆమె ఎన్నిసార్లు అడిగినా బూడిద నాకు గుర్తుకు రాలేదు. మాలో ఎవరికీ అది పోయడం కింద లెక్కే కాదు.

గాషా ఇంకా కప్పునే చూస్తోంది. "మట్టి చౌడు తిరిగింది. కుండీల్లో నింపిన ఆ దుకాణం వాడి మట్టి సంచిలోనే ఏదో ఉంది. ఉస్త్యా, సంచి మీద ఏం రాశాడో చదువమ్మా."

"సున్నం కలిపి ఉంది అత్తా. నేరుగా కుండీల్లో నింపుకోవచ్చు అని రాశాడు."

"ఎక్కువ వేసుంటాడు. రేపు వాడి జుట్టు ముడి విప్పుతాను. లారియన్, వేరే మట్టి తీసుకురా. పదిహేనింటినీ పీకి కుండీలు మారుద్దాం."

"పూతలో ఉన్నవాటిని పీకితే?" అని ఉస్త్యా అడిగింది.

"సగం చస్తాయి. ఇలాగే వదిలేస్తే అన్నీ చస్తాయి."

నేను నోరు మూసుకుని ఉంటే ఆ మాట దుకాణం వాడి మీద పోయేది. ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు. నా పేరు నిలిచేది. నా కూతురు పై మెట్టు మీద కూర్చుని ఉంది. శాలువా కింద ఎడమ కాలిని చేత్తో అదిమిపట్టి ఉంది. నేను చూడటం లేదనుకుంటోంది.

"గాషా, పీకొద్దు. సంచిది కాదు తప్పు."

"మరి?"

"బూడిద. గుప్పెడు గుప్పెడు, రెండు సార్లు. నేనే."

ముందుగా మాట్లాడింది ఉస్త్యా.

"నాన్నా, నువ్వు చేసినవన్నీ దారిన పోయేవాణ్ణి కూడా ఆపి చెబుతావు. ఇదొక్కటి ఎలా మిగిలిపోయింది?"

గాషా తిడుతుందని ఎదురు చూశాను. ఆమె కప్పు కింద పెట్టింది.

"ముప్పై ఏళ్ళుగా ఈ లోయంతా తిరిగి బూడిద, బూడిద అని మొత్తుకుంది నేనే కదా. సంచి మట్టికి మాత్రం వద్దని ఒక్క ముక్క చెప్పలేదు. మన నేల పులుపు, దానికి బూడిద మందు. సున్నం వేసిన మట్టికి బూడిద వేస్తే ఏమవుతుందో నేనన్నా ఆలోచించాలి. సరే, లే. ఏడుపులు తరువాత చూసుకుందాం. కోటు విప్పు."

"కోటు ఎందుకు?"

"నాకు ఒక చెయ్యే ఉంది. మిగతావి నువ్వు తేవాలి."

మట్టిని కడగాలి అంది. అయితే క్యాబేజీ ఊరగాయ నీళ్ళు తెస్తాను, అవి పుల్లగా ఉంటాయి అన్నాను. ఆమె కళ్ళు మూసుకుంది.

"అందులో గుప్పెళ్ళ కొద్దీ ఉప్పుంది. బూడిదతో చావనివాటిని ఉప్పుతో చంపుదామా? నువ్వు ఆలోచించకు లారియన్, మొయ్యి."

జామ్ కాచేటప్పుడు వేసే నిమ్మ ఉప్పు తెప్పించింది. గోరువెచ్చటి నీళ్ళ బకెట్టులో చిటికెడు కలిపి, ఆ నీళ్ళను కొద్దిగా ఊదా కప్పులో పోసి చూసింది. మరీ ఎర్రబడితే పారబోయించింది. ఎరుపు లేత నీడలా వస్తే, అప్పుడు "చాలు" అంది. కుండీల పై మట్టి రెండు వేళ్ళ మందం చెంచాతో గీరి తీసేశాను. ఆ మట్టిలోనే బూడిద ముద్దలు కనిపించాయి. ఒక్కో కుండీకి మూడు బకెట్లు, నెమ్మదిగా, సన్నటి ధారగా పోయాలి. అడుగున దిగిన నీళ్ళను ప్రతిసారీ కప్పులో చూడాలి. మొదటి బకెట్టుకు పచ్చ. రెండో దానికి నీలం. మూడో దానికి ఊదా.

"ఒక కుండీ, ఒక మందు, నాలుగు రోజులు అన్నావుగా? ఇప్పుడు అన్నిటికీ పోయిస్తున్నావేం?" అని అడిగాను, ఎనిమిదో కుండీ దగ్గర నడుం పట్టుకుని.

"జబ్బేమిటో తెలియనప్పుడు ఒక్కదానికే. ఇప్పుడు తెలిసింది. నడుం నొప్పయితే చెప్పు, పద్నాలుగు ఇళ్ళకి నీళ్ళిచ్చినవాడివి."

నలభై అయిదు బకెట్లు కిందికి మోశాను. అడుగు నీళ్ళన్నీ పైకి మోశాను. డెబ్బై నాలుగేళ్ళ వయసులో, ఏడు మెట్లు. ఇది నా గొప్ప కోసం చెప్పడం లేదు, అయినా చెప్పకుండా ఉండలేను. చివరి కడుగులో ఇనుము సీసా మందు సగం పాలు కలిపాం. ఇప్పుడు నోరు విప్పింది కాబట్టి తింటుంది అంది గాషా.

అప్పుడు మొదలైంది అసలు భయం. అంత నీళ్ళు తాగిన మట్టి చల్లటి మాళిగలో ఆరకపోతే వేళ్ళు కుళ్ళుతాయి. తేమ నిలిస్తే పూగుత్తుల్లో బూజు పడుతుంది. బూజు పట్టింది పీలిస్తే ఉస్త్యా ఊపిరితిత్తులు పోతాయి. ఇంట్లో ఉన్న పంకాలు మూడూ కిందికి దింపాను. పొయ్యి పెట్టి, రోజంతా కట్టెలు వేశాను. గాషా పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి దిగివచ్చి పూగుత్తులను వేళ్ళతో విడదీసి ముక్కు దగ్గర పెట్టుకునేది. మూడో రోజున రెండు మొక్కలు మెడ వేలేశాయి. వేళ్ళు గోధుమ రంగుకు తిరిగాయి. వాటిని బయటికి మోయించింది. అయిదో రోజున ఇంకొకటి పోయింది.

"ఆకులు పచ్చబడటం లేదు గాషా. అలాగే ఉన్నాయి."

"అవి ఎప్పటికీ పచ్చబడవు. చెడిన ఆకు చెడిందే. దాన్ని చూసి ఏం లాభం? కొత్తది రానీ."

ఆరో రోజు మధ్యాహ్నం నన్ను కేకేసింది. మెట్ల మీంచి పడినంత పని చేసి దిగాను. దారం కట్టిన మొక్క ముందు నిలబడి ఉంది. పై గుత్తిలో, తుప్పు పట్టిన పసుపు ఆకుల నడుమ, గింజంత ఆకు ఒకటి. నాకు కనిపించలేదు.

"వంగు."

వంగాను.

"ఇంకా వంగు. మందిరంలో వంగినట్టు వంగు."

అప్పుడు కనిపించింది. ఈనెలూ పచ్చే, ఈనెల మధ్యా పచ్చే.

మా మందిరంలో ఒకరికొకరు తల నేల వైపు వంచి నమస్కరిస్తాం. ఎదుటి మనిషిలో ఉన్న దేవుడికి ఆ నమస్కారం. నేను మొక్క దగ్గర ఎలాగూ వంగి ఉన్నాను. లేవకుండా అలాగే ఆమె వైపు తిరిగాను.

"క్షమించు గాషా."

ఆమె కూడా వంగింది. కట్టు కట్టిన చెయ్యి మెడలో ఊగింది. "దేవుడు క్షమిస్తాడు. నేనూ క్షమించాలిగా మరి," అంది. నడుం ఎత్తుతూ ఇంకో మాట కలిపింది: "ఇంకోసారి ఆ బకెట్టు ఇటు తెస్తే దేవుడొక్కడే క్షమిస్తాడు."

కోత వారం ఆలస్యమైంది. గుత్తులు తొలి పంటలో వచ్చినంత లావు లేవు. పదకొండు మొక్కలు కోశాం. అడుగు ఆకులు గిల్లే పనికి ఉస్త్యా కూర్చుంది. వేళ్ళు రెండుసార్లు వణికాయి. రెండుసార్లూ ఆపి, వణుకు తగ్గాక మళ్ళీ మొదలుపెట్టింది. అవి ఎండి చేతికి వచ్చేసరికి పాత సీసాలో అడుగున పొడి మాత్రమే మిగిలింది. మాత్రల డబ్బా తీయాల్సిన అవసరం రాలేదు.

ఆ జూన్ చివరన, పీటర్ పండుగ నాడు, నది ఒడ్డున అందరం కలిశాం. బల్ల మీద రొట్టె, ఉప్పు, నీళ్ళు. ఒక పక్క మగవాళ్ళు, ఎదురుగా ఆడవాళ్ళు. ఉస్త్యా గాషా పక్కన నిలబడింది. మొదటి కీర్తన నుంచి చివరి కీర్తన దాకా కూర్చోలేదు. వంగాల్సిన ప్రతిసారీ వంగింది, వంగిన ప్రతిసారీ లేచింది. నా గొంతు కింది స్వరంలో ఉండాలి. ఆ రోజు రెండు చోట్ల తప్పింది. పక్కవాడు నా వైపు చూశాడు. అన్నేళ్ళలో తప్పడం అదే మొదలు, లెక్కలో ఉండాలని రాస్తున్నాను.

గాషా మణికట్టు మళ్ళీ సరిగ్గా కూడలేదు. నీళ్ళు పోయడం ఆ మరుసటి పంట నుంచి నా పనే. ప్రతిసారీ ముందు ఊదా కప్పు, తరువాతే బకెట్టు. తొమ్మిదేళ్ళు పోశాను. ఒక్క ఆకు పండనివ్వలేదు.

ఇదంతా రాసి నిన్న ఆమెకు చదివి వినిపించాను. ఇప్పుడు ఆమెకు ఎనభై ఆరు. కళ్ళు సరిగ్గా కనిపించవు, చెవులు మాత్రం పాము చెవులు. చివరిదాకా విని, తప్పు పట్టింది.

"పదకొండు కాదు, పన్నెండు. మూలన ఉన్నది మరిచిపోయావు."

"అది జానెడు కూడా లేదు గాషా. దాన్నేం లెక్కపెడతాం?"

"కోశామా లేదా? లెక్కపెట్టు. దిద్ది రాయి."

పన్నెండు.